సంప్రదాయ ఔషధ మొక్కల్లో క్యాన్సర్ మందుల అన్వేషణ: హైదరాబాద్

ఆయుర్వేద వైద్యులు, హకీములు, పల్లెల్లో పసరు మందు ఇచ్చేవారు తరతరాలుగా వాడుతూ వచ్చిన మొక్కల్లోంచి క్యాన్సర్ కణాల పెరుగుదలను ఆపగల రసాయనాలను వేరు చేసి, పరీక్షించి, మందుగా మలిచే ప్రయత్నం గత శతాబ్దం మధ్యలో ఒక శాస్త్రంగా నిలదొక్కుకుంది. పిల్లల రక్తక్యాన్సర్‌కు ఇచ్చే విన్‌క్రిస్టిన్, ఊపిరితిత్తుల, వృషణాల క్యాన్సర్లకు ఇచ్చే ఎటోపోసైడ్, రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు ఇచ్చే పాక్లిటాక్సెల్, పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే ఇరినోటెకాన్ దాని ఫలాలు. వీటిలో ఏదీ మొక్కను నూరి తాగితే దొరికే మందు కాదు. మరోవైపు, మొక్కలే లేకపోతే వీటిలో ఒక్కటైనా రసాయన శాస్త్రజ్ఞుల ఊహకు అందేదని చెప్పడమూ కష్టం.

ఈ అన్వేషణలోని అన్ని మజిలీలూ కనిపించే నగరాలు దేశంలో కొన్నే. హైదరాబాద్ వాటిలో ఒకటి. చార్మినార్‌కు దక్షిణాన లాల్ దర్వాజా, గౌలిపురా, ఉప్పుగూడల సరసన ఉన్న ఛత్రినాకలో ఆషాఢ బోనాలకు ప్రతి ఇంటా పసుపు, వేపమండలు కావాలి. పాతబస్తీ ముస్లిం ఇళ్లలో కలోంజీ (నల్లజీలకర్ర) గింజ వంటకూ, వైద్యానికీ పనికొస్తుంది. కాస్త ఉత్తరంగా, మక్కా మసీదు పక్కన, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టిన నిజామియా యునానీ ఆసుపత్రి ఇప్పటికీ రోగులను చూస్తోంది. మూసీ దాటితే రెడ్‌హిల్స్‌లో 1955లో మొదలైన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి. తార్నాక వైపు వెళ్తే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. మియాపూర్‌లో మందుల కంపెనీ పరిశోధనశాల. మూలికల అంగడికీ కీమోథెరపీ వార్డుకూ మధ్య దూరం ఒక ఆటో ప్రయాణమే. ఒక రసాయనం ఆ దూరాన్ని దాటడానికి మాత్రం పది, ఇరవై ఏళ్లు పడుతుంది. ఎక్కువ రసాయనాలు మధ్యలోనే ఆగిపోతాయి.

పాత గ్రంథాలు ఏం చూశాయి

సుశ్రుత సంహిత అర్బుదాన్ని, గ్రంథిని వేర్వేరుగా వర్ణించింది. యునానీ వైద్యం సర్తాన్‌ను, అంటే క్యాన్సర్‌ను, సౌదా అనే నల్లపైత్యం పేరుకుపోవడం వల్ల వచ్చే రోగంగా లెక్కగట్టింది. తెలుగు పల్లెల్లో మానని పుండుకు రాచపుండు అన్నారు. ఇవన్నీ కంటికి కనిపించేవి, చేతికి తగిలేవి. రక్తక్యాన్సర్‌ను ఒక ప్రత్యేక వ్యాధిగా గుర్తించడానికి సూక్ష్మదర్శిని, 19వ శతాబ్దపు వైద్యులు రావాల్సి వచ్చింది. కాబట్టి పాత గ్రంథాల్లో అర్బుదానికి చెప్పిన మూలికల జాబితా తీసి, ఇవన్నీ క్యాన్సర్ మందులే అనుకుంటే తప్పుదారి పడతాం. అందులో కొవ్వుగడ్డలకు, గండమాలకు, చీముగడ్డలకు వాడినవీ కలిసిపోయి ఉంటాయి. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థకు చెందిన జొనాథన్ హార్ట్‌వెల్ 1967 నుంచి 1971 వరకు ప్రపంచ సంప్రదాయాలన్నీ వెతికి, కణితులకు వాడిన మొక్కలను 3,000కు పైగా పోగుచేశాడు. ఆ జాబితా నేటికీ పనికొస్తోంది. అందులోంచి మందులైనవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

సంప్రదాయం విలువ మరోచోట ఉంది. ఏ మొక్క శరీరం మీద గట్టిగా పనిచేస్తుందో, ఏది విరేచనం చేయిస్తుందో, ఏది చర్మాన్ని కాలుస్తుందో, ఏది ఎంత మోతాదు దాటితే ప్రాణం తీస్తుందో పెద్దలకు తెలుసు. విభజన చెందే కణాన్ని ఆపే రసాయనాలు తరచుగా ఇలాంటి ఘాటైన మొక్కల్లోనే దొరికాయి. పెద్దలు వాటిని వాడింది వేరే రోగానికైనా సరే.

బిళ్ళగన్నేరు

దీనికి తెలుగువారి పెరట్లోని బిళ్ళగన్నేరును మించిన ఉదాహరణ లేదు. మడగాస్కర్ నుంచి వచ్చి మన శ్మశానాల్లో, గుడి ఆవరణల్లో, రోడ్డు పక్కన స్థిరపడిన మొక్క ఇది. చాలా దేశాల్లో దీన్ని చక్కెర వ్యాధికి వాడారు. 1950 దశకం మొదట్లో జమైకా నుంచి ఒక వైద్యుడు ఈ ఆకులను కెనడాకు పంపించాడు. అక్కడి వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ నోబుల్ వాటి కషాయాన్ని ఎలుకలకు ఇచ్చి చూశాడు. రక్తంలో చక్కెర తగ్గలేదు. ఇంజెక్షన్ చేసిన ఎలుకలు మాత్రం సూక్ష్మజీవుల దాడికి చచ్చిపోతూ వచ్చాయి. కారణం వెతికితే వాటి తెల్లరక్తకణాలు పడిపోయి ఉన్నాయి. తెల్లకణాలను ఇంతగా తగ్గించేది, తెల్లకణాలు అదుపు తప్పే రక్తక్యాన్సర్‌ను కూడా తగ్గించగలదేమో అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. నోబుల్, చార్లెస్ బీర్ కలిసి వేరుచేసిన విన్‌బ్లాస్టిన్ 1958లో లోకానికి వెల్లడైంది. ఎలీ లిల్లీ కంపెనీలో గోర్డన్ స్వొబోడా బృందం అదే మొక్కలోంచి విన్‌క్రిస్టిన్‌ను తీసింది. 1963లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది.

ఈ రెండూ కణం లోపలి ట్యూబులిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను ఇటూ అటూ లాగే సన్నని నాళికలు ఆ ప్రోటీన్‌తోనే అల్లుకుంటాయి. అల్లిక ఆగితే విభజన ఆగుతుంది, కణం చనిపోతుంది. నరాల్లోనూ అవే నాళికలు ఉన్నందున విన్‌క్రిస్టిన్ తీసుకునే పిల్లలకు కాళ్లు చేతులు తిమ్మిర్లెక్కుతాయి, మలబద్ధకం వస్తుంది. మోతాదును శరీర వైశాల్యాన్ని బట్టి మిల్లీగ్రాముల్లో లెక్కగడతారు. పొరపాటున వెన్నుపాము ద్రవంలోకి ఎక్కిస్తే ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. ఇంత పదునైన మందు ఎండు ఆకులో ఎంత ఉంటుందంటే, ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోలు, ఒక గ్రాము విన్‌క్రిస్టిన్‌కు సుమారు 2,000 కిలోల ఆకు కావాలి. రోజూ నాలుగు బిళ్ళగన్నేరు ఆకులు నమిలితే క్యాన్సర్ రాదని చెప్పేవారికి ఈ అంకెలే జవాబు.

విదేశీ కంపెనీల చేతిలో ఉన్న ఈ మందులను మన దేశంలో తయారుచేయడం పెద్ద మలుపు. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల సహకారంతో సిప్లా కంపెనీ 1984లో విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ తయారీ విధానాన్ని సాధించింది. ఆ ప్రయోగశాల తరఫున ఈ కృషిలో ముఖ్యపాత్ర వహించిన శాస్త్రవేత్త గుంటూరులో పుట్టిన ఎ.వి. రామారావు. ఆయన తరువాత హైదరాబాద్‌కు వచ్చి రసాయన సాంకేతిక సంస్థకు సంచాలకుడయ్యారు.

ఈశ్వరి వేరు నేర్పిన పాఠం

ఈ చరిత్రలో అందరూ తెలుసుకోవాల్సినదీ, తక్కువమందికి తెలిసినదీ ఈశ్వరి తీగ కథ. ఆంధ్ర, తెలంగాణ అడవి అంచుల్లో పెరిగే ఈ తీగ వేరును పాముకాటుకు, జ్వరానికి వాడేవారు. దీని దగ్గరి చుట్టం గాడిదగడపాకును పురుగులకు, పుండ్లకు పల్లెల్లో వాడతారు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మోరిస్ కుప్చాన్ మొక్కల్లోంచి కణితి నిరోధకాలను వెతికే ప్రసిద్ధ పరిశోధన పరంపరను మొదలుపెట్టినప్పుడు, అందులో మొదటి పత్రం ఈ ఈశ్వరి మీదే. 1962లో అచ్చయిన ఆ పత్రంలో తీగలోని క్రియాశీల రసాయనం అరిస్టలోకిక్ ఆమ్లమనీ, అది జంతువుల్లో కణితులను అణిచిందనీ చూపారు. పరీక్షలో నెగ్గిన రసాయనాన్ని 1964 నాటికి రోగులకూ ఇచ్చి చూశారు. మూత్రపిండాలు దెబ్బతినడంతో ఆపేశారు.

కథ అక్కడితో ముగియలేదు. 1990 దశకంలో బెల్జియంలో సన్నబడటానికి మందులు వాడిన స్త్రీలకు మూత్రపిండాలు పాడయ్యాయి. ఆ మందుల్లో చేరిన మూలిక ఈశ్వరి జాతిదే. కొందరికి తరువాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. అరిస్టలోకిక్ ఆమ్లం డీఎన్‌ఏకు అతుక్కుని దాన్ని శాశ్వతంగా చెడగొడుతుందని తేలింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ జాతి మూలికలున్న మందులను 2002లో మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. కణితిని అణిచిన రసాయనమే కణితిని పుట్టించింది. గాజుపాత్రలో క్యాన్సర్ కణాలు చచ్చాయన్న వార్త చదివిన ప్రతిసారీ ఈ తీగను గుర్తుచేసుకోవాలి. గాడిదగడపాకు ఇప్పటికీ కొన్ని పల్లెల్లో పిల్లలకు పురుగుల మందుగా అందుతోంది. దాన్ని ఆపించే పని ఏ కొత్త మందు కనిపెట్టడానికీ తీసిపోదు.

తార్నాక, మియాపూర్

1944లో నిజాం రాజ్యపు పరిశోధన కేంద్రంగా మొదలైన సంస్థ 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగా కేంద్రప్రభుత్వ పరిశోధన మండలి కిందికి వచ్చింది. 1989లో దానికి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అని పేరు మారింది. మొక్కల నుంచి క్యాన్సర్ మందు దాకా సాగిన ప్రయాణంలో దాని చెప్పుకోదగ్గ విజయం ఎటోపోసైడ్. హిమాలయాల్లో వనకకడి అనే చిన్న మొక్క వేళ్లలో జిగురుంటుంది. అందులోని పోడోఫిల్లోటాక్సిన్ కూడా విన్‌క్రిస్టిన్ లాగే నాళికల అల్లికను అడ్డుకుంటుంది, కానీ మనిషికి ఇంజెక్షన్‌గా ఇవ్వలేనంత విషం. స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ శాస్త్రవేత్తలు దాని అణువులో కొంత మార్చి, ఒక చక్కెర భాగాన్ని జోడించారు. అణువు పని కూడా మారిపోయింది. నాళికలను వదిలేసి, డీఎన్‌ఏ మెలికలను విప్పి మళ్లీ అతికే టోపోఐసోమరేజ్-2 ఎంజైమును పట్టుకుంది. అదే ఎటోపోసైడ్. అమెరికాలో 1983లో అనుమతి పొందిన ఈ మందును 1991లో సిప్లా, హైదరాబాద్ రసాయన సాంకేతిక సంస్థ తోడ్పాటుతో మన దేశంలో విడుదల చేసింది. ఆ తరువాత అహ్మద్ కమాల్ బృందం అక్కడే పోడోఫిల్లోటాక్సిన్ అణువుకు కొత్త కొమ్మలు అతికించి ఎన్నో రూపాలను తయారుచేసి పరీక్షించింది.

మియాపూర్‌లోని డాక్టర్ రెడ్డీస్ రీసెర్చ్ ఫౌండేషన్ రెండు దారుల్లో వెతికింది. ఒకటి క్యాంప్టోథెసిన్. చైనా చెట్టులోంచి 1966లో మన్రో వాల్, మహారాష్ట్ర నందుర్బార్‌లో పుట్టిన మన్‌సుఖ్ వానీ అమెరికాలో తీసిన రసాయనమిది. మన పడమటి కనుమల్లో నోథాపోడైట్స్ అనే చెట్టులోనూ దండిగా ఉందని 1972లో శాస్త్రవేత్తలు టి.ఆర్. గోవిందాచారి, విశ్వనాథన్ చూపారు. నోటితో మింగగలిగే క్యాంప్టోథెసిన్ రూపాన్ని మియాపూర్ బృందం డీఆర్‌ఎఫ్-1042 పేరుతో తయారుచేసింది. ఇతర మందులకు లొంగని క్యాన్సర్ ఉన్న రోగుల మీద దాని తొలిదశ ప్రయోగాలు జరిగాయి. వాటి ఫలితాలు 2000 దశకం మధ్యలో అచ్చయ్యాయి.

రెండో దారి మన నేలవేము. నాలుక మీద చిటికెడు వేస్తే పూటంతా చేదు వదలని ఈ మొక్కను జ్వరాలకు, కాలేయానికి వాడటం తెలుగునాట అందరికీ తెలిసిందే. ఆ చేదుకు కారణమైన ఆండ్రోగ్రాఫొలైడ్ క్యాన్సర్ కణాల విభజనను ఆపడమే కాక రోగనిరోధక కణాలనూ ప్రేరేపిస్తోందని 2003, 2004 సంవత్సరాల్లో ఈ బృందం ప్రచురించింది. దాన్ని మార్చి డీఆర్‌ఎఫ్-3188 అనే రూపం చేసి, ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల మీద పరీక్షించింది. కణాలు విభజనకు సిద్ధమయ్యే దశకు ముందే ఆగిపోయాయి. నేలవేము అణువూ, డీఆర్‌ఎఫ్-1042 కూడా మందుల దుకాణానికి చేరలేదు. అయినా ఇవి వృథా ప్రయత్నాలు కావని గట్టిగా చెప్పాలి. తెలుగువారి పెరటి చేదును తెలుగు గడ్డ మీదే అణువు స్థాయిలో విప్పి చూసి, ఫలితాన్ని దాచకుండా అచ్చువేశారు. తరువాత వచ్చేవారు మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టనక్కరలేదు.

ఈ పని ఎలా సాగుతుందో కొంత చెప్పుకోవాలి. ముందు మొక్కను వృక్షశాస్త్రజ్ఞుడు గుర్తించి, ఎండబెట్టిన నమూనాను హెర్బేరియంలో భద్రపరచాలి. ఇది చిన్న విషయం కాదు. బ్రహ్మి పేరుతో ఒకచోట నీటి ఒడ్డున పెరిగే చిన్న మొక్కను, మరోచోట సరస్వతి ఆకును అమ్ముతారు. తరువాత ఆకునో వేరునో వేర్వేరు ద్రావకాల్లో నానబెట్టి సారం తీస్తారు. సారాన్ని క్యాన్సర్ కణాల మీద వేసి, ఎన్ని బతికాయో రంగు మార్పును బట్టి కొలుస్తారు. పనిచేసిన సారాన్ని భాగాలుగా విడదీసి, ప్రతి భాగాన్నీ మళ్లీ పరీక్షిస్తూ చివరికి ఒకే అణువు దగ్గర ఆగుతారు. విశ్వవిద్యాలయాల్లో వస్తున్న చాలా పరిశోధన మొదటి సారం దగ్గరే ఆగిపోయి, ఫలానా ఆకుకు క్యాన్సర్ నిరోధక శక్తి ఉందన్న వాక్యంతో ముగుస్తోంది. మామూలు కణాల మీద అదే సారం ఏం చేసిందో చూడని పత్రానికి ఆ వాక్యం రాసే హక్కు లేదు.

నేల ఉసిరి: వాల్తేరు నుంచి మద్రాసుకు

పచ్చకామెర్లకు తెలుగు పల్లెలు ఆశ్రయించిన మొక్క నేల ఉసిరి. దీని చేదులోని ఫిలాంథిన్‌ను వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేసిన టి.ఆర్. శేషాద్రి బృందం 1946లో వేరుచేసి ప్రచురించింది. అదే విశ్వవిద్యాలయంలో ఎల్. రామచంద్రరావు బృందం 1960 దశకంలో దాని నిర్మాణాన్ని తేల్చి, తోడుగా ఉన్న మరికొన్ని రసాయనాలను బయటపెట్టింది. ఈ మొక్కకు క్యాన్సర్‌తో సంబంధం నేరుగా కాదు, హెపటైటిస్-బి వైరస్ ద్వారా. ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోయిన ఆ వైరస్ కాలేయ క్యాన్సర్‌కు ప్రధాన కారణాల్లో ఒకటి. మద్రాసులో ఎస్.పి. త్యాగరాజన్ బృందం, ఆ వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బరూచ్ బ్లూంబర్గ్‌తో కలిసి 1988లో లాన్సెట్ పత్రికలో ఒక ఫలితం ప్రకటించింది. నేల ఉసిరి పొడి తీసుకున్న 37 మంది వాహకుల్లో 22 మంది రక్తంలో వైరస్ పైపూత ప్రోటీన్ కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రపంచమంతా ఆశపడింది. తరువాత వేరే దేశాల్లో, వేరే బృందాలు చేసిన పరీక్షల్లో ఆ ఫలితం తిరిగి రాలేదు. ఇప్పుడు ఆ వైరస్‌ను అడ్డుకునే ఖాయమైన సాధనం పుట్టిన బిడ్డకు వేసే టీకా.

పసుపు, కలోంజీ, అశ్వగంధ

పసుపులోని కర్కుమిన్ మీద వెలువడినన్ని పత్రాలు మరే వంటింటి దినుసు మీదా రాలేదేమో. గాజుపాత్రలో అది చేయని పని లేదు. మనిషి ఒంట్లోకి మాత్రం సరిగా ఎక్కదు. రోజుకు 8 గ్రాములు మింగినా రక్తంలో కనిపించేది అత్యల్పం. 2008లో అమెరికాలో క్లోమ క్యాన్సర్ రోగులకు అంత మోతాదు ఇచ్చి చూస్తే, లెక్కకు వచ్చిన 21 మందిలో ఇద్దరిలోనే ఏదో ఒక ప్రభావం కనిపించింది. కలోంజీలోని థైమోక్వినోన్‌ను 2009లో సౌదీ అరేబియా వైద్యులు ముదిరిన క్యాన్సర్ ఉన్న 21 మందికి ఇచ్చారు. హాని కనిపించలేదు, కణితులూ తగ్గలేదు. అశ్వగంధలోని విథాఫెరిన్ ఇంకా తొలిదశ పరీక్షల్లోనే ఉంది. కూరలో పసుపు, రొట్టె మీద కలోంజీ నిశ్చింతగా తినవచ్చు. క్యాన్సర్ మందుగా వీటిని అమ్మేవారి దగ్గర రుజువు లేదు.

క్యాన్సర్ మందుల శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావును ఈ మొక్కల చరిత్రలో ఎక్కడ ఉంచాలన్నది కొంచెం ఆలోచించాల్సిన విషయం. భీమవరంలో 1895లో పుట్టిన ఆయన మద్రాసులో ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1922లో బోస్టన్ వెళ్లారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో తయారైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో రక్తక్యాన్సర్ పిల్లలకు మొదటిసారి తాత్కాలిక ఉపశమనం కలిగించాడు. ఆ మందు మొక్కది కాదు. అయితే అది అడ్డుకునే ఫోలిక్ ఆమ్లాన్ని శాస్త్రవేత్తలు 1941లో పాలకూర ఆకుల్లోంచే పోగుచేశారు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్, బిళ్ళగన్నేరు బిడ్డ విన్‌క్రిస్టిన్ ఇవాళ రక్తక్యాన్సర్ పిల్లల చికిత్సలో పక్కపక్కనే నడుస్తాయి.

రోగి వైపు నుంచి

పాతబస్తీలోనైనా, పల్లెలోనైనా క్యాన్సర్ అని తెలిసిన కుటుంబం ముందు మూలికల వైపు చూడటానికి కారణాలున్నాయి. కీమోథెరపీ అంటే భయం, ఖర్చు గురించిన బెంగ, పెద్దల మీద నమ్మకం. దీన్ని మూర్ఖత్వంగా కొట్టిపారేసే వైద్యుడు రోగిని మరింత దూరం చేసుకుంటాడు. కానీ ఆలస్యానికి చెల్లించే మూల్యం ఎంతో 2018లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. నయమయ్యే దశలో ఉండి కూడా చికిత్స మాని, ప్రత్యామ్నాయ వైద్యాన్ని మాత్రమే ఎంచుకున్న 281 మందిని పరిశీలిస్తే, మామూలు చికిత్స పొందినవారికంటే వారికి మరణ ప్రమాదం రెండున్నర రెట్లు ఉంది. రొమ్ము క్యాన్సర్‌లో అది అయిదు రెట్లు దాటింది. చికిత్స తీసుకుంటూనే కషాయాలు తాగేవారికి మరో చిక్కు ఉంది. కాలేయం కీమో మందులను విరిచే వేగాన్ని కొన్ని మూలికలు మార్చేస్తాయి. తాగేది ఏదైనా వైద్యుడికి చెప్పాలి, వైద్యుడు కోప్పడకుండా వినాలి. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. గోడల మీదా, ఫోన్లలోనూ ఆ ప్రకటనలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

ముడిసరుకు

ఒక మొక్క మందైన మరుక్షణం దానికి గండం మొదలవుతుంది. వనకకడి, హిమాలయాల్లోని పాక్లిటాక్సెల్ చెట్టు రెండూ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందికి వచ్చాయి. నోథాపోడైట్స్ చెట్లను కలప కోసం కాక క్యాంప్టోథెసిన్ కోసం నరికారు. బిళ్ళగన్నేరుకు ఆ ప్రమాదం లేదు. దక్షిణాది మెట్ట పొలాల్లో రైతులు దాన్ని పంటగా వేస్తారు. ఆకులు క్యాన్సర్ మందుకు, వేళ్లు రక్తపోటు మందుకు పోతాయి. అయినా సరఫరా నిలకడగా ఉండదు. 2019లో అమెరికాలోనే విన్‌క్రిస్టిన్ కొరత వచ్చి పిల్లల చికిత్సలకు ఇబ్బంది కలిగింది. 2022లో జే కీస్లింగ్ బృందం బిళ్ళగన్నేరు జన్యువులను ఈస్టులోకి చేర్చి, విన్‌బ్లాస్టిన్‌కు కావలసిన రెండు సగాలనూ, అంటే విండోలిన్‌ను, క్యాథరాంథిన్‌ను, ఈస్టు చేతే తయారుచేయించి, తరువాత రసాయనికంగా కలిపింది. ఇందుకు సుమారు ముప్ఫై ఎంజైముల మెట్లను ఒకే కణంలో పేర్చాల్సి వచ్చింది. ఆ పద్ధతి కర్మాగార స్థాయికి ఎదిగేదాకా పిల్లల వార్డులకు విన్‌క్రిస్టిన్ పొలాల నుంచే రావాలి.